940 పేజీల హారర్ నవల: ఎన్ని సినిమాలు చేయాలి, ఎక్కడ కోయాలి?

కొత్తకాగితం

నమస్కారం అండి. ఒక పెద్ద హారర్ నవలకి స్క్రీన్‌ప్లే మొదలుపెట్టాలి. 940 పేజీలు, పేరున్న పాత్రలే 34. కథ టూకీగా ఇది. కొండ మీద మూతబడిన క్షయ ఆసుపత్రి, దాని పెరట్లో లోతైన రాతిబావి. ఆ బావిలోంచి మనకి బాగా తెలిసినవాళ్ల గొంతు మనల్ని పిలుస్తుంది. 40 ఏళ్ల కిందట ఒక తల్లి, ఎనిమిదేళ్ల కూతురు అక్కడ ఒక ఏడాది ఉన్నారు. ఇప్పుడు ఆ కూతురికి 48. ఆస్తి అమ్మడానికి తిరిగి వస్తుంది, కానీ ఆ ఏడాది ఆమెకి గుర్తు లేదు. నవల్లో ఒక అధ్యాయం అప్పటిది, ఒకటి ఇప్పటిది, చివరి దాకా జడలా అల్లుకుంటూ వస్తాయి. మధ్యమధ్యలో ఆసుపత్రి రిజిస్టరులోని పాత నమోదులు మరో 120 పేజీలు.

నిర్మాత మూడు సినిమాలంటున్నారు, దర్శకుడు రెండు చాలంటున్నారు. నా ప్రశ్నలు ఇవి. సినిమాల సంఖ్య దేన్ని బట్టి తేల్చాలి? రెండు కాలాలనీ నవల్లోలాగే కలిపి నడపాలా, విడదీయాలా? భయమంతా తల్లి మనసులోని మాటల్లో ఉంది, దాన్ని తెర మీదకి ఎలా తేవాలి? ఇంకొకటి, రెండో సినిమా నాటికి పాప పెరిగిపోతుంది. దానికేం చేస్తారు?

కత్తెరపని

సంఖ్య తేల్చడానికి పేజీలు పనికిరావండి. స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు నిమిషం అనే లెక్క ఉంది, కానీ అది స్క్రీన్‌ప్లే పేజీకే. నవలలో పది పేజీల వాన పది సెకన్లలో అయిపోవచ్చు, ఒక్క వాక్యం నాలుగు నిమిషాలు పట్టొచ్చు. అందుకని ముందు నవలని సంఘటనలుగా విప్పండి.

ఒక్కో సంఘటనకి ఒక కార్డు. రెండున్నర పేజీలకి ఒక సంఘటన అనుకుంటే మీ నవలకి 370 కార్డుల దాకా వస్తాయి. ప్రతి కార్డు మీద మూడే వాక్యాలు రాయండి. ఇక్కడ ఎవరికి కొత్తగా ఏం తెలిసింది? ఇందులో భయం ఏ రకం? ఈ కార్డు తీసేస్తే ముందుముందు ఏది కూలిపోతుంది? అసలు పని చేసేది ఈ మూడో వాక్యమే. దానికి జవాబు దొరకని కార్డు ఎంత అందమైనదైనా పక్కన పెట్టేయాలి. 110 నిమిషాల సినిమాలో సగటున రెండు, రెండుంబావు నిమిషాల సీన్లు వేసుకుంటే 50 చిల్లర పడతాయి. మూడు సినిమాలకి 150. అంటే మూడు తీసినా సగానికి పైగా కార్డులు పోవాల్సిందే. నిర్మాతగారు మూడు అంటున్నది "నవలంతా పడుతుంది" అన్న ఆశతో అయితే, ఆ ఆశ ముందే వదిలించేయండి.

భయం ఉన్న కార్డులు విడిగా తీసి, ఎరుపు చుక్క పెట్టండి. ఇంత పెద్ద నవలలో 60, 70 ఉంటాయి. ఒక సినిమా మోయగలిగేది ఎనిమిది నుంచి పది, అందులో పెద్దవి మూడు. ఇప్పుడు వాటిని రకాలుగా పేర్చండి: గొంతు వినపడటం, ఏదో కనపడటం, పక్కనున్న మనిషి మీద నమ్మకం పోవడం, తన ఒంట్లోనే తేడా తెలియడం, ఒంటరిగా చిక్కుకోవడం. ఒకే రకం ఒక సినిమాలో మూడోసారి వచ్చిందంటే అది పని చేయదు. నవలలో చేస్తుంది, ఎందుకంటే పాఠకుడు వారం రోజులు చదువుతాడు, మొన్నటి భయం ఇవాళ్టికి కొంచెం చల్లారి ఉంటుంది. హాల్లో కూర్చున్నవాడికి 40 నిమిషాల కిందటిదే కళ్ల ముందుంటుంది. పెద్ద నవలల నుంచి తీసిన హారర్ సినిమాలు రెండో సగంలో నీరుగారిపోవడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇదే. ఒక్కో పాత్రకీ ఒక్కో దెయ్యం సీను వరసగా, పంక్తిలో వడ్డించినట్టు.

ఇక సంఖ్య. ఒక్కో సినిమాకి ఒక్కో ప్రశ్న రాయండి. మీరు చెప్పిన కథలో నాకు కనపడుతున్నవి: పిలుస్తున్నది ఎవరు? ఆ ఏడాది ఏం జరిగింది, ఆమెకెందుకు గుర్తు లేదు? దాని నోరు ఎలా మూయాలి? మూడో ప్రశ్న కింద పడే కార్డులు లెక్కపెట్టండి. 40 కంటే తక్కువ వస్తే అది సినిమా కాదు, రెండో సినిమా ఆఖరి 35 నిమిషాలు. దాన్ని సాగదీస్తే ఏమవుతుందో తెలిసిందే. పాత్రలు గదిలో కూర్చుని బావి చరిత్ర ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటాయి.

34 పాత్రల్లో మొదటి సినిమాకి తొమ్మిది పది ముఖాలు మించనివ్వకండి. ఒక పాత్రని తీసేటప్పుడు, కథలో అతను చేసిన పని ఏమిటో చూసి దాన్ని మిగిలినవాళ్లలో ఒకరికి అప్పజెప్పండి. కాపలాదారు తాళం ఇస్తాడు, వంటమనిషి హెచ్చరిస్తుంది, గుమాస్తా రిజిస్టరు దాస్తాడు. ఈ మూడూ ఒక్కరే చేయొచ్చు. అప్పుడు హెచ్చరించిన మనిషే తాళం ఎందుకిచ్చాడు అనే కొత్త అనుమానం ఊరికే దొరుకుతుంది.

రెండోడ్రాఫ్టు

కాలాల సంగతి నేను చెప్తాను. దీనికి అందరూ చూసిన ఉదాహరణ స్టీఫెన్ కింగ్ "ఇట్". 1986లో వచ్చిన నవల, మొదటి ముద్రణ వెయ్యి పేజీలు దాటింది. అందులో 1957-58 నాటి పిల్లల కథ, 1984-85 నాటి పెద్దల కథ అల్లుకుని నడుస్తాయి. పెద్దయ్యాక వాళ్లు అంతా మరిచిపోయారు. వాళ్లకి ఒక్కోటీ గుర్తొస్తుంటే మనకీ అప్పుడే తెలుస్తుంది. నవల్ని లాగే ఇంజను అదే.

1990లో టీవీకి రెండు భాగాలుగా తీసినప్పుడు మొదటి భాగంలో పెద్దవాళ్లకి ఫోన్లు రావడం, అక్కడి నుంచి చిన్నప్పటి జ్ఞాపకంలోకి వెళ్లడం అనే పద్ధతి ఉంచారు. 2017 సినిమా ఆ జడని విప్పేసింది. మొదటి సినిమా మొత్తం పిల్లలదే, కాలం 1988-89కి మార్చారు. 2019లో వచ్చిన రెండోది పెద్దలది, 2016లో జరుగుతుంది. మొదటిది 135 నిమిషాలు, గట్టిగా నిలబడింది. పిల్లలు, ఒక వేసవి, ఒక శత్రువు, అంతే. రెండోది 169 నిమిషాలు. జ్ఞాపకాలు తిరిగి తెచ్చుకోవడానికి పాత్రలన్నీ తలో దిక్కుకీ విడిపోయి, ఒక్కొక్కరికీ చిన్నప్పటి సీను ఒకటి కొత్తగా పెట్టాల్సి వచ్చింది. ఆ సీన్లలో పిల్లలకి ఏమీ కాదని ప్రేక్షకుడికి ముందే తెలుసు, ఎందుకంటే వాళ్లు మొదటి సినిమా చివర బతికి బయటపడటం చూసేశాడు. భయం సగం అక్కడే కారిపోయింది. దర్శకుడికి పనితనం లేక కాదు, విడదీయడానికి కట్టాల్సిన వెల అది.

అయినా సరే మీరు విడదీయండి అనే అంటాను. ఒకే సినిమాలో రెండు కాలాలు సరిసమానంగా నడిపితే ప్రతి పది నిమిషాలకీ ఒకచోట కూడుకున్న భయాన్ని వదిలేసి ఇంకోచోట సున్నా నుంచి మొదలుపెట్టాలి. నవలలో అధ్యాయం ముగిసిన చోట పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. తెర మీద అదే పని ఆవిరి వదిలేసినట్టు అవుతుంది.

కాకపోతే ఆ వెల ముందే కట్టేయండి. మొదటి సినిమాలోనే ఒక ఖాళీ వదలండి. ఉదాహరణకి, సాయంత్రం పాప బావి వైపు నడుస్తుంది. కోత. తెల్లవారి వంటింట్లో కూర్చుని పాలు తాగుతోంది, జుట్టు తడిగా ఉంది. తల్లి తువ్వాలుతో తుడుస్తూ "ఎప్పుడు పోసుకున్నావే తలకి?" అంటుంది. పాప జవాబు చెప్పదు. కథ ముందుకి సాగిపోతుంది. ఇలాంటివి మూడు చాలు. ప్రేక్షకుడు ఆ ఖాళీని గమనించాలి, కానీ దాని కోసం సినిమా ఆగిపోకూడదు. రెండో సినిమాలో 48 ఏళ్ల మనిషికి గుర్తొచ్చేది ఆ రాత్రే. అప్పుడది కొత్తగా అతికించిన ఫ్లాష్‌బ్యాక్ అవదు, మనకి బాకీ ఉన్న సీను అవుతుంది. ఇక్కడ ఒక్క నియమం. ఖాళీలో ఏం జరిగిందో మొదటి సినిమా షూటింగ్‌కి ముందే రాసి ఉండాలి. "తర్వాత చూసుకుందాం" అని వదిలితే పాప ఏ బట్టలో ఉంది, ఏ చెయ్యి గీరుకుంది, ఏదీ కలవదు.

రిజిస్టరు నమోదుల 120 పేజీలు చూస్తే చెయ్యి ఆగదని నాకు తెలుసు. అయినా వాటిని సినిమా మొదట్లో వ్యాఖ్యానంతో పెట్టకండి. సినిమాకి ఒక్క నమోదు, నాలుగైదు నిమిషాలు మించకుండా. అన్నిటికంటే పాతది ఆఖరి సినిమాకి దాచండి. మిగతావి రిజిస్టరు అనే వస్తువులో ఉంటాయి. ఒక పేజీలో పేరు కొట్టేసి ఉంటుంది, ఇంకో పేజీలో రోగి చేరిన తేదీ ఉంటుంది, వెళ్లిన తేదీ ఉండదు. కెమెరా ఆ గడి మీద మూడు సెకన్లు ఆగితే చాలు.

కొత్తకాగితం

ఇద్దరికీ కృతజ్ఞతలు. తడి జుట్టు ఆలోచన నోట్సులో రాసుకున్నాను. నా అసలు బెంగ మనసులోని మాటల గురించి. నవల్లో అన్నిటికంటే భయపెట్టే చోటు ఇది: రాత్రి తల్లి పడుకుని ఉంటుంది, పాప పక్కనే నిద్రపోతుంటుంది, బయట బావిలోంచి పాప గొంతు "అమ్మా" అని పిలుస్తుంది. తర్వాత మూడు పేజీలు తల్లి తనలో తాను వాదించుకుంటుంది. ఏ పాప నిజం, పక్కనున్నది ఎవరు, లేచి వెళ్లకపోతే నేనేం తల్లిని అని. వాయిస్ ఓవర్ పెడితే తప్పా?

శబ్దశాల

తప్పని కాదు కానీ, ఇక్కడ పెట్టకండి. వాయిస్ ఓవర్ కూడా ఒక గొంతే. గొంతే దెయ్యమైన సినిమాలో ఇంకో కనపడని గొంతు పెడితే చెవి దేన్ని నమ్మాలో తెలియక రెండిటినీ వదిలేస్తుంది.

ఆ మూడు పేజీలూ 70, 80 సెకన్ల సీను. ఇలా విడగొట్టి చూడండి. మొదటి షాట్‌లో తల్లి వెల్లకిలా పడుకుని ఉంది, పాప చెయ్యి ఆమె పొట్ట మీద ఉంది. నాలుగైదు సెకన్లు ఆ చెయ్యి ఊపిరితో పైకీ కిందకీ కదలడం చూపించండి. కిటికీ వైపు నుంచి "అమ్మా". తల్లి కళ్లు తెరవకుండానే "ఆ... వస్తున్నా" అంటుంది, ఏ తల్లయినా నిద్రలో అనేట్టు. లేవబోతుంది. పొట్ట మీది చెయ్యి జారి పక్క మీద పడుతుంది. అప్పుడు ఆగుతుంది. ఆ చేతి వంక చూస్తుంది. సంగీతం వద్దు, ఏమీ వద్దు. ఈ నిశ్శబ్దం ఎనిమిది సెకన్ల దాకా లాగొచ్చు. రెండోసారి "అమ్మా", ఈసారి కొంచెం గోముగా. తల్లి రెండు అరచేతులతో నిద్రపోతున్న పాప చెవులు మూస్తుంది. అంతే, కోసేయండి.

మూడు పేజీల వాదన ఆ అరచేతుల్లోకి వచ్చేసింది. తనవి మూసుకోలేదు, పాపవి మూసింది. పక్కనున్నదే నిజమని తేల్చుకుంది. రెండో గొంతు పాపకి వినపడకూడదనీ తేల్చుకుంది. ఇక్కడ బావిని చూపించాలని ఎడిటింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. చూపిస్తే ప్రేక్షకుడు గది వదిలి బయటికి వెళ్లిపోతాడు, సీను చచ్చిపోతుంది. ఎవరూ ఆ కోత వేయకుండా ఆ రాత్రి బావి షాట్ తీయకుండా ఉండటమే మంచిది.

ఇక ఆ గొంతు తయారీ. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే గొంతు స్థాయి దించడం, ప్రతిధ్వని పోయడం. విన్న మొదటి సెకనులోనే ఇది దెయ్యం అని తెలిసిపోతుంది, ఇక తల్లి లేవబోవడంలో అర్థం ఉండదు. గొంతు పాపదే అవ్వాలి, ఇంకెవరిచేతా అనిపించకండి. షూటింగ్ రోజుల్లోనే, పాప ఆ మూడ్‌లో ఉండగానే, నిశ్శబ్దమైన గదిలో మైకు ఒక అడుగు దూరంలో పెట్టి రికార్డ్ చేసుకోండి. తర్వాత ఆ రికార్డింగ్‌ని ఒక స్పీకరులో, నిజంగా లోతున్న బావిలోనో ఎత్తయిన ఖాళీ ట్యాంకులోనో వినిపించి, పైనుంచి మళ్లీ రికార్డ్ చేయండి. దీన్ని వరల్డైజింగ్ అంటారు. ఇప్పుడు మీ దగ్గర ప్రతిధ్వని లేని పొడి ట్రాకు ఒకటి, బావి ట్రాకు ఒకటి ఉన్నాయి. మొదటి పిలుపులో బావి ట్రాకు వినీ వినపడనట్టు, తర్వాత్తర్వాత ఎక్కువగా కలుపుకోండి.

తేడా ఒక్కటే చాలు: ఊపిరి. మాటకీ మాటకీ మధ్య పాప పీల్చే గాలి శబ్దాన్ని కత్తిరించేయండి. వినేవాడికి ఏం తక్కువైందో చెప్పడం రాదు, కానీ ఒళ్లు తెలుసుకుంటుంది. ఇంకో లాభం, సిరీస్ అంతటికీ మెట్లు దొరుకుతాయి. మొదటి సినిమాలో ఊపిరి ఉండదు. తర్వాత సినిమాలో అది పాపకి ఇంకా రాని మాటలు వాడుతుంది. ఆఖర్న, అడగకముందే జవాబు చెప్తుంది. మెట్లు ముందే రాసుకోకపోతే మొదటి సినిమాలోనే మూడూ వాడేస్తారు, తర్వాత చేతిలో మిగిలేది అరుపులే.

ఒక జాగ్రత్త. ఎనిమిదేళ్ల గొంతు మళ్లీ దొరకదు. మొదటి సినిమా పూర్తయ్యేలోపే మిగతా సినిమాలకి కావాల్సిన మాటలన్నీ, ఒక 150, 200 వాక్యాలు, గుసగుసగా, మామూలుగా, ఏడుస్తూ, నవ్వుతూ నాలుగు రకాలుగా రికార్డ్ చేసి పెట్టుకోండి. రోజుకి గంట మించొద్దు, పిల్లల గొంతు త్వరగా అలిసిపోతుంది. ఏడుపు చివర్న చేయించండి, దాని తర్వాత మామూలు గొంతు ఆ రోజుకి రాదు. ఆ రికార్డింగ్ తర్వాతి సినిమాల్లో వాడుకుంటామనీ, కంప్యూటరుతో కొత్త మాటలు పుట్టించబోమనీ లేదా పుట్టిస్తే ఎంతవరకో, పాప తల్లిదండ్రులతో చేసుకునే ఒప్పందంలోనే రాయించాలి.

షెడ్యూలుమనిషి

పాప పెరగడం గురించి. "ఇట్" పిల్లలకి రెండు సినిమాల మధ్య వచ్చిన ఎడం వల్ల రెండోదానిలో వాళ్ల ముఖాలని కంప్యూటరులో వయసు తగ్గించాల్సి వచ్చింది. పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్లకే అది కనపడీ కనపడనట్టు తేడా చేసింది. మీకు చవకైన దారి ఉంది. రెండో సినిమాలో పాప కనిపించే సీన్లు, అంటే ఆ మూడు ఖాళీలు, ఇంకేవైనా జ్ఞాపకాలు, మొదటి సినిమా షెడ్యూలు చివరే తీసేయండి. ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. మొత్తం రెండు సినిమాలూ ఒకేసారి తీయడం వేరు, మొదటిది ఆడకపోతే డబ్బంతా ఇరుక్కుంటుంది. పది రోజులు అదనంగా తీయడం భరించగలిగే జూదం. కాకపోతే రెండో సినిమా స్క్రీన్‌ప్లేలో పాప భాగం అప్పటికి ముగిసిపోయి ఉండాలి. రెండోడ్రాఫ్టు గారు చెప్పిన నియమం నిర్మాణం వైపు నుంచి చూసినా అంతే.

పాత్రకి ఎనిమిదేళ్లు అన్నారు. ఎనిమిదేళ్ల పాపని తీసుకోకండి. ఆ వయసులో ముందు పళ్లు ఊడుతూ వస్తూ ఉంటాయి. సోమవారం ఉన్న పన్ను గురువారం ఉండదు, మీరు తీసేది వరసలో కాదు. అప్పటికప్పుడు కట్టుడు పన్ను పెట్టొచ్చు గానీ మాట తేడా వస్తుంది, మీ సినిమా గొంతు మీదే నడుస్తోంది. పదేళ్లు నిండి, ముందు పళ్లన్నీ వచ్చేసి, పొట్టిగా ఉన్న పాపని చూడండి. ఆ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు, కాబట్టి గౌన్ల అంచుల్లో మడత వదిలి కుట్టించండి. తడిసే సీన్ల బట్టలు ఒక్కోటి ఆరు జతలు. నాలుగు సరిపోతాయని మొదట్లో అంటారు, మూడో టేకు తర్వాత ఆరబెట్టడానికి అరగంట ఆగుతారు.

పిల్లలు పని చేసే గంటలకి ఎక్కడికక్కడ చట్టంలో పరిమితి ఉంటుంది. అందుకని పాప ఉన్న రోజున పెద్దవాళ్ల సీన్లలో తీసే షాట్లలో సగమే లెక్కవేయండి. రాత్రి సీన్లు లోపలివైతే కిటికీలకి బయట నల్లగుడ్డ గుడారం కట్టి పగలే తీయొచ్చు.

బావిని మూడు ముక్కలుగా కట్టండి. పైన గట్టు అసలు లొకేషన్లో. మధ్య గొట్టం స్టూడియోలో, ఐదారు మీటర్ల ఎత్తు, ఒక పక్క పలకలు ఊడదీసేలా, లేకపోతే కెమెరాకి చోటుండదు. అడుగు నీళ్ల ట్యాంకులో. నీళ్లు 30 డిగ్రీలకి దగ్గరగా వెచ్చగా ఉంచాలి. చల్లటి నీళ్లలో పాప పది నిమిషాల్లో వణుకుతుంది, ఆ వణుకు నటన కాదు, ఆపేయాలి. మొదటి సినిమా అయ్యాక సెట్టు విప్పేస్తారు. రాళ్ల అచ్చులు, రంగు కలిపిన పాళ్లు, ప్రతి వరుసకీ కొలత కర్ర పక్కన పెట్టి తీసిన ఫొటోలు దాచమని కళా విభాగానికి రాతపూర్వకంగా చెప్పండి. రెండు కాలాలకీ 40 ఏళ్ల తేడా ఉంది కనుక పాచి, పగుళ్లు మారాలి. అయినా ఏ రాయి ఎక్కడుందో మారకూడదు. పాప చిన్నప్పుడు గోటితో గీసిన గీత పెద్దయ్యాక వేలికి తగలాలంటే ఆ రాయి అక్కడే ఉండాలి.

హక్కుల మాట ఎవరూ ఎత్తలేదు. నవలా రచయితతో ఒప్పందం "ఒక సినిమా"కా, "ఈ నవల ఆధారంగా ఎన్ని సినిమాలైనా"నా అన్నది ముందు చూడండి. చాలా ఒప్పందాల్లో ఆప్షన్, అంటే హక్కు కొనుక్కోవడానికి మీకోసం ఆపి ఉంచే గడువు, ఏడాదికో ఏడాదిన్నరకో ఉంటుంది, మరికొంత డబ్బిచ్చి పొడిగించుకోవచ్చు. మొదటి సినిమా షూటింగ్ మొదలైతే దాని హక్కు స్థిరపడుతుంది. మిగతా భాగం సంగతి అందులో రాసి లేకపోతే గొడవే. రెండోది ఎన్నేళ్లలో మొదలుకాకపోతే హక్కు రచయితకి వెనక్కి వెళ్తుంది, ఒక్కో సినిమాకి విడిగా డబ్బా, మొత్తం ఒకేసారా, రచయిత ఆ పాత్రలతో ఇంకో నవల రాస్తే దానిపై మొదటి హక్కు ఎవరిది, మీరు మూడు పాత్రలు కలిపి చేసిన కొత్త పాత్ర ఎవరి సొత్తు? ఇవన్నీ సినిమా ఒప్పందాలు చూసే న్యాయవాదితో చదివించుకోండి. కార్డులు వేయడం మొదలుపెట్టే ముందే.

కొత్తకాగితం

ఒప్పందం చూశాం. "చలనచిత్రం" అని ఏకవచనంలోనే ఉంది, నిర్మాతగారు మళ్లీ రచయిత దగ్గరికి వెళ్తున్నారు. ఈలోగా కార్డులు వేశాను, మొత్తం 352. మూడో ప్రశ్న కింద వచ్చినవి 23. అంటే రెండే సినిమాలు. దర్శకుడి మాటే నిలబడింది. ఇప్పుడు కొత్త చిక్కు. మొదటి సినిమా చివర ఏం చేయాలి? నవల్లో అప్పటి కథ చివర్న తల్లి బావిలోకి దిగుతుంది, అక్కడ నవల ఆపేసి ఇప్పటి కాలానికి వస్తుంది. అలాగే ఆపితే ప్రేక్షకుడు మోసపోయానని అనుకోడా?

రెండోడ్రాఫ్టు

అనుకుంటాడు. సినిమా వేసిన ప్రశ్నకి సినిమాలోనే జవాబు దొరకాలి. మొదటి సినిమా ప్రశ్న "పిలుస్తున్నది ఎవరు". తల్లి దిగాలి, అడుగున ఎవరూ లేరని చూడాలి. నీళ్లూ, రాయీ, అంతే. చచ్చినవాళ్ల ఆత్మ కాదు, తప్పిపోయిన పిల్లా కాదు. విన్నదాన్ని తిరిగి అనడం నేర్చుకున్న చోటు అది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మొదటి సినిమా ముగిసినట్టే, తల్లి పైకి వచ్చినా రాకపోయినా. తెరిచి ఉంచాల్సింది ఒక్కటే: పాపకి అక్కడ ఏమైంది. రెండు మూడు తెరిచి ఉంచితే ఏదీ గుర్తుండదు.

కత్తెరపని

పై మాటకి ఒప్పుకుంటూనే ఒకచోట తేడా చెప్తాను. "విన్నదాన్ని తిరిగి అనే చోటు" అని ఎవరిచేతా చెప్పించకండి, తల్లిచేత కూడా. హారర్‌లో నియమం మాటల్లోకి వచ్చిన క్షణం నుంచి ప్రేక్షకుడు భయపడటం మాని లొసుగు వెతుకుతాడు. నియమాలు మీ దగ్గర ఒక కాగితం మీద ఉండాలి. అది ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎంత దూరం వినగలదు, ఒకసారి విన్న గొంతు ఎన్నాళ్లు గుర్తుంచుకుంటుంది. ప్రతి భయం కార్డునీ ఆ కాగితంతో సరిచూడండి. ఎక్కువసార్లు తప్పేది ఎక్కడంటే, చిన్న పాత్రని పది సెకన్లలో మింగేసినది ముఖ్యపాత్రని మూడుసార్లు వదిలేస్తుంది. ఎందుకు వదిలిందో కాగితం మీద జవాబు లేకపోతే ఆ మూడు సీన్లూ మళ్లీ రాయాల్సిందే.

నియమాన్ని చేతల్లో చూపించడానికి మీ కథలో మంచి చోటుంది. తల్లి అడుగుకి చేరాక పైకి చూసి పాపని పేరు పెట్టి పిలుస్తుంది. జవాబు రాదు. మళ్లీ పిలుస్తుంది. అప్పుడు తన పక్క నుంచే, తన గొంతుతోనే, ఊపిరి లేకుండా, అదే పేరు. అప్పటిదాకా బావి తల్లి గొంతుని వాడకుండా చూసుకోండి, 100 నిమిషాలూ. నవల్లో ముందెక్కడైనా వాడి ఉంటే ఆ కార్డు తీసేయండి.

శబ్దశాల

అయితే తల్లి పాత్ర వేసేవాళ్ల చేత కూడా పాప పేరు ఇప్పుడే రికార్డ్ చేయించండి, ఊపిరి పీల్చి ఒకసారి, బిగబట్టి ఒకసారి. రెండోసారి చేసినది వాడాలి. కత్తిరించిన ఊపిరికీ బిగబట్టిన ఊపిరికీ తేడా ఉంది. బిగబట్టినప్పుడు మాట చివర గొంతు కొంచెం పైకి బిగుసుకుంటుంది. పాప గొంతుకి ఆ బిగువు వద్దు, తల్లి గొంతుకి కావాలి.